అదే కార్నర్

బూర్గంపాడు టీకొట్టు దగ్గర బావాబామ్మర్దులు ఇద్దరు కాలేజీ కబడ్డీ గురించి మాట్లాడుకుంటున్నారు.

"మన నాగేష్ మళ్ళ కాలేజీల చేరిండట కదా, బావా."

"అవ్. డిగ్రీ అయిపోయినా ఇంకో కోర్సుల చేరిండు, ఈ ఒక్క ఏడు కూతకు పోవాలని."

"ఆ మోకాలుతోనా? కొత్త పిల్లగాండ్లను ఆడనిస్తే ఏంది?"

"మోకాలు దానంతటదే విరిగిందా? పోయినేడు ఫైనల్ల విజిల్ పడ్డంక కూడా అవతలి జట్టుల కార్నర్ల నిలబడి పట్టేటోడు మనోని కాలు ఇడవకుండ మెలిపెట్టిండు. మరిచినవా?"

"మరువలే. కానీ ఆ మెలిపెట్టినోనికి పోలీసు నౌకరి వచ్చింది. ఈసారి ఆడడు."

"వాని తమ్ముడు ఆడుతుండు. అదే కార్నర్ల."

"తమ్ముడేం చేసిండు, బావా?"

"ఏం చేయలే, పాపం. మ్యాచ్ చూడనీకి అన్న వస్తుండట. నేనే ముందువరుసల కుర్చీ ఏయించిన. వానికి మంచిగ కనపడాలె."