సబ్బుకు రెండు కొసలు

బొగ్గు గనిలో టబ్బులు తోసే ట్రామర్, పొద్దుటి షిఫ్టు దిగి, గోదావరిఖని కాలనీ నల్లా కింద గ్రీజు చేతులు తోలూడేలా రుద్దుకుంటున్నాడు. వెనక బిందెతో సైన్సు సారు వంతు కోసం నిలబడ్డాడు.

"ఎంత రుద్దినా పోతలేదేంది సారూ?"

"వట్టి నీళ్లతోటి ఎట్ల పోతది? నీళ్ల అణువులు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉంటయి, గ్రీజును నడుమ రానియ్యవు. సబ్బు పెట్టు."

"సబ్బేం జేస్తది?" ట్రామర్ డబ్బాలోంచి బిళ్ల తీసి రుద్దుకుంటూ అడిగాడు.

"దాని అణువుకు రెండు కొసలు. ఒకటి నీళ్లను పట్టుకుంటది, ఇంకోటి గ్రీజును."

"అచ్చం మా యూనియన్ లీడర్ లెక్కనే! ఒక చెయ్యి మేనేజర్ భుజం మీద, ఒక చెయ్యి మా భుజం మీద. నన్ను కొత్తగూడెం బదిలీ చేసిండ్రు సారూ. ఆపమని గా లీడర్‌కే ఒక అర్జీ రాసియ్యాలె మీరు."

"రాస్త తియ్యి. చేతులు చూడు, ఎంత తెల్లగైనయో!"

"అవు. మరి గ్రీజు ఏడికి పోయింది?"

"నీళ్లెంబడి మోరీలకు."

"సబ్బు బిళ్ల?"

"ఏం గాలే. డబ్బల పెట్టుకో, రేపటికి పనికొస్తది."

ట్రామర్ చేతిలోని బిళ్లను కాసేపు తిప్పి చూశాడు.

"సారూ, అర్జీ సీదా మేనేజర్‌కే రాయిండ్రి."

"లీడర్‌కు వద్దా?"

"వద్దు. మొన్న మాతోటి పనిచేసే మొగిలి భుజం మీద గూడ లీడర్ గట్లనే చెయ్యేసిండు. మొగిలి ఇప్పుడు బదిలీ మీద రామకృష్ణాపూర్ల ఉన్నడు."