ఎవరిదీ కాని గది

బట్టలు ఉతుక్కునే చిన్న గది. మధ్యాహ్నం. తలుపు వేసి ఉంది. నేలమీద ఎదురెదురుగా భార్యాభర్తలు, వాళ్ళ మధ్య రెండు కుందేళ్ళు.

"చెయ్యి పెట్టకండి! చెయ్యి మాత్రం పెట్టకండి, తువ్వాలు వెయ్యండి!"

"వేశాను, వేశాను. ఏది ఎక్కడుందో తెలిస్తేగా, గిరగిరా తిరిగేస్తున్నాయి."

"అట్టముక్క తీసుకోండి. మధ్యలో దించండి. ఆఁ, అలా. నెమ్మది."

"హమ్మయ్య. విడిపోయాయి."

"విడిపోలేదు, మీరు విడదీశారు. పిండిగాడు నా దగ్గరున్నాడు. మీరు మసిని చూడండి. ఎక్కడైనా గాటు పడిందా?"

"ఏం లేదు. కాస్త బొచ్చు ఊడింది, అంతే."

"ఎవరి బొచ్చు?"

"తెల్లబొచ్చు. అంటే, పిండిగాడిది. ఇదిగో, మసి నోట్లో ఉంది."

"చూశారా. మీ కూతురు నా కొడుకు జుట్టు పీకింది."

"అప్పుడే పంచేసుకున్నావా? మొన్నమొన్నటిదాకా ఇద్దరూ మన పిల్లలే."

"మొన్నమొన్నటిదాకా చాలా ఉండేవి. ఎంతసేపయింది?"

"నాలుగు నిమిషాలు."

"పావుగంట అనుకున్నాం."

"అనుకున్నాం."

"కరుచుకోకుండా పావుగంట. అలా ఉంటే మీరు కిందకెళ్ళి కార్లో ఉన్న సూట్‌కేసు పైకి తెచ్చుకుంటారు. లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోతే మసిని తీసుకుని మీ అద్దె గదికి మీరు వెళ్తారు. ఈ ఇంట్లో రెండు బోనులూ రెండు ఉక్రోషాలూ పట్టవని ముందే చెప్పాను."

"ఎనిమిది నెలల తర్వాత మొగుణ్ణి ఇంట్లోకి రానివ్వాలా వద్దా అని కుందేళ్ళనడిగి తేల్చుకునే ఇల్లాలు ఇంకెక్కడా ఉండదు."

"వాటికి అబద్ధమాడటం రాదు కాబట్టి."

"మళ్ళీ అదేనా?"

"ఊరికే అన్నాను. అట్ట తియ్యకండి, ముందు వాటిని ఊపిరి పీల్చుకోనివ్వండి."

"నేను కూడా పీల్చుకోవచ్చా?"

"ఎవరొద్దన్నారు?"

"గది బాగా కడిగావా? పాత వాసన ఏమైనా మిగిలిందేమో."

"వెనిగర్ పోసి రెండుసార్లు కడిగాను. పిండిగాడు ఈ గదిలో ఇంతవరకు అడుగు పెట్టలేదు. మసీ పెట్టలేదు. ఎవరిదీ కాని చోటయితే కొట్లాట తక్కువని డాక్టరమ్మ చెప్పారు. ఇలా హాల్లో వదిలి ఉంటే ఈపాటికి రక్తం కళ్ళజూసేవాళ్ళం."

"ఆ అట్టపెట్టెలకి రెండేసి వాకిళ్ళెందుకు కోశావు?"

"ఒకటి లోపలికి తరిమితే రెండోది అటునుంచి బయటపడటానికి. ఒకటే వాకిలి ఉంటే మూలకి నెట్టి కరుస్తాయి."

"మనింటికి కూడా రెండు వాకిళ్ళుంటే బాగుండేది."

"ఉన్న ఒక్క వాకిలే మీకు బాగా పనికొచ్చింది. అక్కణ్ణుంచేగా రోజూ అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరేవారు."

"సరే, సరే. అంటించు. అంటించుకో."

"గడ్డి వెయ్యండి. అట్టకి ఇటు కొంచెం, అటు కొంచెం. తింటూ ఒకదాన్నొకటి చూసుకోవాలి."

"తింటున్నాయి. కానీ నాకర్థం కాదు. పద్నాలుగు రోజులు బోనులు పక్కపక్కనే పెట్టాం. దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి మార్చాం. ఆరేళ్ళు ఒకే గిన్నెలో తిన్నవి కదా ఇవి?"

"కొత్త కదా మరి."

"కొత్తేమిటి?"

"అదే... గది కొత్త. ఎనిమిది నెలలు విడిగా ఉంటే కొత్తవాళ్ళ కిందే లెక్కన్నారు డాక్టరమ్మ."

"అవునవును. కొత్తవాళ్ళ కిందే. నేనూ అదే అంటున్నాను."

"మీరెక్కడన్నారు? ఒకే గిన్నెలో తిన్నాయన్నారు."

"రెండూ నిజమేలే. పిండిగాడి ఎడం చెవి నిలబడిందేమిటి? ఎప్పుడూ సగానికి వంచేవాడుగా?"

"తడినేల చలికేమో."

"చలికి చెవి నిలబడుతుందా?"

"భయానికి. మీరు వాణ్ణి చూడకండి, మసిని చూడండి. మీ వంతు అది."

"వాణ్ణి ఒక్కసారి ఎత్తుకుంటాను. ఈ రెండు వారాల్లో ఒక్కరోజన్నా నా చేతికివ్వలేదు."

"వద్దన్నానా? మీ వాసన అంటుకుంటే మసి ఏమనుకుంటుందో. ఇంకో విడత చూద్దాం. నేను అట్ట తీస్తాను. మీరు తువ్వాలు రెండు చేతులా పట్టుకుని కూర్చోండి."

"కూర్చున్నాను."

"తీస్తున్నా."

"చూడు, పిండిగాడు ముక్కు చాపాడు. దగ్గరికి వెళ్తున్నాడు."

"మాట్లాడకండి."

"మసి కదలడం లేదు. మంచిదేనా?"

"మంచిదే. తోక చూడండి. తోక లేచిందా?"

"లేవలేదు. ఆ... కొంచెం లేచింది."

"చెవులు?"

"వెనక్కి పెట్టింది. దుముకుతుందేమో... అదిగో! అదిగో!"

"తువ్వాలు! వెయ్యండి!"

"వేశాను! అమ్మో, దీని బలం చూశావా!"

"పట్టుకోండి, గట్టిగా నొక్కకండి. పిండిగాణ్ణి పెట్టెలో పెడుతున్నా. ఉండండి. మసినివ్వండి. ఈసారి వాడి పళ్ళు తగిలినట్టున్నాయి. ఒళ్ళంతా చూడాలి."

"నేను చూస్తాలే."

"మీకు కనపడదు. నల్లబొచ్చులో గాటు వేళ్ళతో తడిమితేనే తెలుస్తుంది. ఇవ్వండి."

"వెల్లకిలా పెడితే భయపడుతుంది."

"వెల్లకిలా పెట్టను, నాకు తెలీదా? నిటారుగా ఒళ్ళో ఆనించుకుంటాను. దా తల్లీ. ఆఁ, ఏం లేదు, ఏం లేదు. మెడ బాగుంది. వీపు బాగుంది. ఇదేమిటి?"

"ఏది?"

"పొట్ట మీద. ఇక్కడ బొచ్చు పొట్టిగా ఉంది."

"ఊడి ఉంటుంది. ఎండలు మొదలయ్యాయిగా."

"ఊడితే కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా ఉంది. గొరిగాక మళ్ళీ పెరిగిన బొచ్చు ఇది."

"మధ్యలో డాక్టరుకి చూపించాను. స్కానింగేదో తీశారు."

"స్కానింగుకి కుట్లు వేస్తారా?"

"కుట్లా?"

"నా వేలి కింద గీత ఉంది. ఇంకా ఎర్రగానే ఉంది. రెండు మూడు నెలల కంటే పాతది కాదు."

"ఆపరేషన్ గీత అది. పాతదే. పిల్లలు పుట్టకుండా చేయించాం కదా."

"చేయించాం. ఆరేళ్ళ కిందట. రెండు రోజులు దీన్ని ఒళ్ళోంచి దించకుండా కూర్చున్నది నేను. ఆ గీత తెల్లబడిపోయి, వెతికితే గాని దొరికేది కాదు."

"మళ్ళీ చేయించాల్సి వచ్చింది."

"తీసేసిన గర్భసంచి మళ్ళీ మొలిచిందా?"

"ఎందుకలా లాగుతావు? పావుగంట గడియారం నడుస్తోంది."

"గడియారం ఆపేయండి."

"ఆపడమెందుకు, ఇంకో విడత..."

"ఆపేయండి. ఆ గొంతు నాకు తెలుసు. 'ఈవేళ ఆఫీసులో తెమల్లేదోయ్' అనే గొంతు. ఆఫీసే లేదు. ఉద్యోగం పోయి మూడు నెలలు లైబ్రరీలో కూర్చున్నారు. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కనాడూ డబ్బా కడిగి తేని మనిషి, రోజూ కడిగి తుడిచి మరీ తెచ్చారు. అక్కడ కాదూ దొరికిపోయారు?"

"అవును. అక్కడే."

"అప్పుడు కూడా మిమ్మల్ని ఒక్క ప్రశ్నే అడిగాను. ఇప్పుడూ ఒక్కటే అడుగుతాను. ఇది మసేనా?"

"నువ్వు ముందు దాన్ని కింద పెట్టు."

"ఇది మసేనా?"

"కాదు."

"మసి ఎక్కడుంది?"

"లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. పోయింది. నేనిక్కణ్ణుంచి తీసుకెళ్ళాక ముద్ద ముట్టలేదు. గడ్డి పెట్టాను, ఆకులు పెట్టాను, సిరంజితో పట్టాను. గోడవైపు తిరిగి కూర్చునేది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. దీనికి జత ఉందా అనడిగాడాయన. ఉంది అన్నాను. మరి అదెక్కడ అన్నాడు. ఏం చెప్పను?"

"తీసుకొచ్చెయ్యాల్సింది."

"తలుపు దాకా వచ్చాను. బెల్లు మీద వేలు కూడా పెట్టాను. నువ్వు కుందేలు కోసం కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని వచ్చానంటావని వెనక్కి వెళ్ళిపోయాను."

"అనేదాన్నే."

"తెలుసు. తెల్లారేసరికి అది లేదు."

"అప్పుడైనా చెప్పాల్సింది."

"ఎలా చెప్పను? ఒకటి దాచినందుకే బయటికి పంపావు. నువ్వు నమ్మి చేతిలో పెట్టిన ప్రాణిని కూడా పోగొట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వేమో ప్రతి ఆదివారం ఫోన్లో అడిగేదానివి, మసి తిందా అని. తింది అనేవాణ్ణి."

"పిండిగాడు తిన్నాడా అని మీరూ అడిగేవారు."

"అడిగేవాణ్ణి. వాడన్నా బాగున్నాడని వింటే ఆ వారమంతా నాకు కాస్త ధైర్యం."

"ఇదెక్కడ దొరికింది?"

"చేపలూ చిలకలూ అమ్మే కొట్లో. నల్లకుందేలంటే నల్లకుందేలే అనుకున్నాను. ఆపరేషన్ కూడా చేయించి పెట్టాను, ఎప్పటికైనా నువ్వు రమ్మంటే ఇబ్బంది లేకుండా. మసీ అని పిలిస్తే తిరిగి చూడదు. చెవుడొచ్చిందని చెబుదామనుకున్నాను."

"చెవుడా!"

"నవ్వుతున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. తలుపు వంక చూడకండి, ఇటు కూర్చోండి."

"ఎందుకిక? సూట్‌కేసు కార్లోనే ఉంది, దించే పని కూడా లేదు. దీన్ని తీసుకుని వెళ్ళిపోతాను. పాపం, దీని తప్పేముంది, ఎవరింటికో తెచ్చి నువ్వు ఇంకోదానివని చెబితే కరవదా? నువ్వొకసారి తిట్టెయ్యి. తిట్టించుకుని వెళ్తాను."

"తిట్టే నోరు నాకు లేదు."

"నీకా?"

"ఉష్. కదలకండి. అట్ట లేదు."

"ఏమిటి?"

"మాటల్లో పడి నేను దీన్ని కింద పెట్టేశాను. మధ్యలో అట్ట లేదు. పెట్టెలోంచి వాడూ బయటికొచ్చాడు. చూడండి."

"తువ్వాలు వెయ్యనా?"

"వద్దు. ఇది తల నేలకి ఆనించింది. తల నాకమని అడగడం అది."

"వాడు నాకుతాడా?"

"తెలీదు. ఇంతవరకు ఎవరినీ నాకగా చూడలేదు."

"అదేమిటి? మసిని పొద్దస్తమానం నాకుతూనే ఉండేవాడుగా పిండిగాడు."

"ఏవండీ."

"ఊఁ."

"మసి ఎన్నో రోజు పోయింది?"

"ఇక్కణ్ణుంచి వెళ్ళిన తొమ్మిదో రోజు. ఎందుకు?"

"పిండిగాడు ఏడో రోజుకే పోయాడండీ."