బారువ సింగన్న సైజు

జగన్నాధం నోరు విప్పితే కోటబొమ్మాళి స్టేషన్లో ఆగని రైలు కూడా కాసేపు ఆగి, విని పోతుందని ఈశ్వరి టీ కొట్టు దగ్గర ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా జగన్నాధమే.

ఈ సంగతి సత్యానందానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నలభై అయిదేళ్లుగా ఆ కోతలు వింటున్న చెవులు ఆయనవి. కుర్రతనంలో ఇద్దరూ విజయనగరంలో ఎర్రన్నగారి ప్రెస్సులో పనిచేశారు. ప్రెస్సువాళ్లు పిల్లల కోసం బొమ్మల కథల పుస్తకాలు వేసేవారు. జగన్నాధం బొమ్మలు గీసేవాడు. సత్యానందం ఆ బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలు గీసి, వాటిలో మాటలు రాసేవాడు. ప్రెస్సు మూతపడ్డాక జగన్నాధం ఫ్లెక్సీలు వచ్చేదాకా షాపుల బోర్డులు రాశాడు, సత్యానందం మిషను బడిలో డ్రాయింగు మాస్టారుగా చేరి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇద్దరికీ పొద్దుటిపూట పని ఒక్కటే, ఈశ్వరి బల్ల మీద కూర్చోవడం. ఒకాయన మాట్లాడతాడు, ఒకాయన టీ తాగుతాడు.

తిత్లీ తుఫాను వెళ్లిన మరుసటి వేసవిలో, ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి షీబా అనే అమ్మాయి వాళ్లని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో దుప్పట్లో చుట్టిన పెద్ద పలకలాంటిది ఏదో ఉంది. బల్ల మీద పెట్టి దుప్పటి విప్పేసరికి సత్యానందం నోటి దాకా ఎత్తిన టీ గ్లాసు దించేశాడు. అది ఎర్రన్నగారి ప్రెస్సులో వేసిన ‘బారువ సింగన్న’. పదహారు పేజీల పుస్తకం, ఒక్కో పేజీ దినపత్రిక పేజీ అంత. అట్ట మీద మీసాలు మెలేసిన సింగన్న ఒంటి చేత్తో పులి మెడ పట్టుకుని నిలబడ్డాడు. కింద ‘బొమ్మలు: జగన్నాధం’ అని ఉంది. సత్యానందం పేరు అట్ట మీద లేదు, లోపలా లేదు. బుడగల్లో మాటలు రాసేవాడి పేరు ఆ రోజుల్లో ఎవరూ వేసేవారు కాదు.

“గజపతినగరంలో ఒక పాత మాస్టారి ఇంట్లో దొరికింది తాతగారూ. ఆయన దీన్ని క్లాసులో ఎత్తి పట్టుకుంటే వెనక బెంచీ పిల్లలు కూడా చదివేవారట. వచ్చే వారం మా యూనివర్సిటీలో పాత పుస్తకాల ప్రదర్శన పెడుతున్నాం. దీని కింద బోర్డు మీద నాలుగు మాటలు అచ్చువేయించాలి. ఇంత పెద్ద సైజు ఎవరి ఆలోచన? ఎందుకు వేశారు?” అని షీబా నోటుబుక్కు తెరిచింది.

అచ్చువేయడానికి ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తారని సత్యానందం భయపడుతూనే బతికాడు. జగన్నాధం మాత్రం భుజం మీది తువ్వాలు దులిపి, అటు వేసుకున్నది ఇటు వేసుకున్నాడు.

“నా ఆలోచనే తల్లీ, ఇంకెవుడిది? సింగన్న బొమ్మ గీద్దామని కూకున్నాను. మామూలు కాయితం మీద తల వచ్చినాది, కాళ్లు రానేదు. కాళ్లు గీస్తే తల రానేదు. అంతటి మనిషిని ముక్కలు సేసి ఎలాగ పెడతాం? పెద్ద కాయితం తెమ్మన్నాను. పుస్తకం అచ్చయ్యాక మొదటి కాపీ సంకలో పెట్టుకుని ఇజీనారంలో బస్సెక్కినాను. కండక్టరు సూసి, దీనికి అరటిక్కెట్టు తియ్యాలన్నాడు. సరే తీసినాను. ఆ తర్వాతేటయ్యిందో తెలుసా? చీపురుపిల్లి దగ్గర ఆడు మళ్లీ వచ్చి అట్ట మీద సింగన్నని సూసినాడు. మీసాలొచ్చిన మనిషికి అరటిక్కెట్టు ఏటయ్యా అనీసి, ఫుల్ టిక్కెట్టు కొట్టీసినాడు!”

“సీటిచ్చినాడా మరి?” అని అడిగాడు దాలయ్య. ఆయన నాలుగెకరాల వరి రైతు. జగన్నాధం కోతలకి పక్కన నిలబడి ఎగదోసేవాడు, మధ్యలో అడ్డుపడేవాడు కూడా ఆయనే.

“ఇవ్వక! కిటికీ పక్కన. నాను నిలబడే వచ్చినాను.”

షీబా నవ్వింది, నవ్వుతూనే రాసుకుంది. ఆ కలం కదలడం చూసి సత్యానందానికి ఇబ్బందిగా ఉంది. టీ కొట్టు దగ్గర ఉన్నంతసేపు కోత కోతే. కాగితం మీదకెక్కితే వేరు. అచ్చులో పనిచేసిన మనిషికి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

“అక్షరాలు కూడా ఇంతింత పెద్దవి ఎందుకు తాతగారూ? ఒక్కోటి బొటనవేలంత ఉంది.”

ఆ అక్షరాలు రాసిన సత్యానందం చెయ్యి బల్ల కిందకి వెళ్లిపోయింది.

“సింగన్న గొంతు అలాటిది మరి!” అన్నాడు జగన్నాధం వెంటనే. “సిన్న అచ్చరాల్లో పడుతుందేటి ఆ గొంతు? అసలు సంగతి ఇనుకో. మూడో పేజీలో పులి ఉన్నాది సూడు. ఒకనాడు ఆ పేజీ తెరిసి అరుగు మీద ఎండలో ఒగ్గీసినాను. మా ఈధిలో కుక్కలు మూడ్రోజులు టెక్కలి పోయి కూకున్నాయి. ఎదురింటి లక్ష్మణమ్మ గేదె పాలివ్వడం మానీసినాది. అదీ ఒక లెక్కేటి? ఆరో పేజీలో వాన గీసినాను. గీసినప్పట్నుంచి ఆ కాయితం ఆరితే ఒట్టు! అట్టలు కట్టే గదిలో గొడుగులేసుకుని కుట్టినారు. మర్నాడు పొద్దున్న సూస్తే ఏటున్నాది? అంచు మీద వరినారు మొలిసీసింది.”

“అది సన్నాలా, మసూరా?” అన్నాడు దాలయ్య.

“సన్నాలే. బొమ్మలో వాన సన్నగా గీసినాను కదా.”

ఈశ్వరి టీ వడకట్టడం ఆపేసి, “బాబాయ్, ఆ పెళ్లివోరి సంగతి సెప్పు ఈ పాపకి” అంది. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు విందో ఆమెకే తెలియదు.

“వస్తన్నాను, ఉండు. ఆ ఏడు వంశధారకి వరదొచ్చినాది. ఈ ఒడ్డున పెళ్లికొడుకు, ఆ ఒడ్డున పెళ్లికూతురు, మధ్యన నీళ్లు. ముహూర్తం దాటిపోతాది, పడవోడు రానన్నాడు. నాకు కబురెట్టినారు. నాను పుస్తకం అట్టుకెళ్లి, మధ్యపేజీ తెరిసి, ఏటి మీద అడ్డంగా పరిసీసినాను. పెళ్లికొడుకు నడిసినాడు, సుట్టాలు నడిసినారు, బేండుమేళం వాయించుకుంటానే నడిసినాది. ఆ తర్వాతేటయ్యిందో తెలుసా? సివర్న వంటోళ్లు డేగిసాల్తో నడిసినారు. కావాలంటే సూడు తల్లీ, మధ్యపేజీలో సింగన్న మీసం మీద నల్లటి మరక. అది డేగిసా మసి!”

షీబా మధ్యపేజీ తెరిచింది. మీసం పక్కన నిజంగానే మరక ఉంది. అది అసలు బొమ్మ మీద ఒలికి, కాపీలన్నిటిలోనూ అచ్చయిన ఇంకు మరక. ఆ సీసా ఒలకబోసింది తనేనని సత్యానందానికి బాగా గుర్తు.

దాలయ్య లేచి పుస్తకం మీద చెయ్యి చాపి కొలిచాడు. “మావా, మూడు జానలు కూడా నేదు. ఇది వంశధార దాటించినాదా?”

“ముసలిదైపోనాది కదరా. మనుషులు ముడుసుకుపోరేటి? పుస్తకమూ అంతే. అయినా ఓపిక తగ్గనేదు దీనికి. మొన్న తిత్లీ రోజున ఏటి సేసినానో ఎవుడికీ సెప్పనేదు, ఈ పాప అడిగినాది గనక సెప్తన్నాను. నా కాడ ఇంకో కాపీ ఉండేది. అది అట్టుకుని సముద్రం ఒడ్డుకి పోయి, గాలికెదురుగా తెరిసి నిలబడ్డాను. గాలొచ్చినాది. మొదటి పేజీ సూసినాది. బాగున్నాదనుకుని పేజీ తిప్పినాది. ఇంకోటి తిప్పినాది. అలాగ ఒడ్డున కూకుని సదూకుంటా ఉండిపోనాది, ఎక్కడి గాలి అక్కడే! నేకపోతే ఈ ఊరు మిగులునా?”

“మరి మా కొబ్బరిసెట్లు ఎలాగ పడిపోనాయి మావా? ముప్పై సెట్లు!” అన్నాడు దాలయ్య. ఆ ముప్పై చెట్ల బాధ ఆయనకి ఇంకా తీరలేదు.

జగన్నాధం ఒక్క క్షణం తల దించుకున్నాడు. “నా కాపీలో సివరి పేజీ సిరిగిపోనాదిరా దాలయ్యా. కథ ఏటయ్యిందో తెలీక గాలికి కోపమొచ్చీసింది. అది నా తప్పే.”

ఈసారి దాలయ్య కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. కొట్టంతా నవ్వింది. సత్యానందం టీ మాత్రం మీగడ కట్టింది.

షీబా కళ్లు తుడుచుకుని, “గాలి సంగతి బోర్డు మీద పట్టదు గానీ, ఇది చాలు” అని రాసుకున్నది పైకి చదివింది. “‘చిన్న పుస్తకాలు వచ్చే రోజుల్లో, చిత్రకారుడు జగన్నాధం పట్టుబట్టి, కావాలనే ఇంత పెద్ద సైజులో వేయించిన పుస్తకం.’ సరేనా? సాయంత్రం అచ్చుకిచ్చేస్తాను.”

“అది రాయకమ్మా” అన్నాడు సత్యానందం.

కొట్టు దగ్గర ఆయన గొంతు వినబడడమే అరుదు. అందరూ తిరిగి చూశారు. జగన్నాధం మాత్రం, “ఒరే సత్యం, టీ తాగరా, సల్లారిపోతంది” అన్నాడు గబగబా.

“ఉండరా. ఇన్నాళ్లూ సల్లారినాది సాల్లే.” సత్యానందం షీబా వైపు తిరిగాడు. “బొమ్మలెప్పుడూ అచ్చులో పడే సైజుకి రెండింతలు గీస్తామమ్మా. మద్రాసులో మా బొమ్మల్ని రేకు మీదకెక్కించి అచ్చు బ్లాకులు సేసేవోళ్లు కెమెరాతో సగానికి తగ్గిస్తారు. అప్పుడు గీత నీటుగా వస్తాది. ఎంతకి తగ్గించాలో కాయితం అంచు మీద నీలం పెన్సిలుతో మనం రాయాల. ఆ రాసే పని నాది, కాయితం మీద సివరి సెయ్యి నాదే కనక. సింగన్నకి ‘సగం’ అని రాయడం మరిసిపోనాను. పదహారు పేజీల్లో ఒక్కదాని మీదా రాయనేదు. ఆళ్లు ఉన్నదున్నట్టు బ్లాకులు సేసి పంపీసినారు. మళ్లీ సేయించడానికి టైము నేక, వాల్‌పోస్టర్లేసే మిషను మీద అచ్చేసినారు. ఈ సైజు ఎవుడి ఆలోచనా కాదు. నా మతిమరుపు.”

షీబా కలం ఆగిపోయింది. దాలయ్య జగన్నాధం వైపు చూశాడు. ఎంతటి మాటకైనా మాట అందుకునే మనిషి తువ్వాలు అంచు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

“ఆ బ్లాకులు సూసి ఎర్రన్నగారు ప్రెస్సంతా అదిరేలా అరిసినారు, ఎవుడ్రా ఇది అనీసి. నాకు పెళ్లయ్యి నెల. దేవమణిని తెచ్చుకుని కాపురం పెట్టినాను. ఉద్యోగం పోతే ఏటి పెడతాను ఆ పిల్లకి? నోరు పెగల్నేదు. ఈడు ముందుకొచ్చి, నానే బాబూ, కావాలనే సేసినాను, సింగన్న సిన్న కాయితం మీద పట్టడు అన్నాడు. అదేనమ్మా ఈడు కోసిన మొదటి కోత.”

జగన్నాధం ముఖం ఎర్రబడింది. “ఎందుకు సెప్పీసినావురా? ఇన్నేళ్లు కాపలా కాసినాను. ఒకసారి కోసినాక నిలబెట్టాల కదా. ఎవుడైనా సైజు గురించి అడిగితే ఇంకో జానెడు పెంచీవోణ్ణి. పులి గురించి నవ్వుకునేవోడు నీలం పెన్సిలు గురించి అడగడు కదరా.”

సత్యానందానికి సిగ్గుగా ఉంది, హాయిగానూ ఉంది. ఇన్నేళ్లూ ఈ కోతలన్నీ జగన్నాధం గొప్ప కోసమే అనుకుని లోలోపల విసుక్కున్న రోజులు గుర్తొచ్చి, ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది.

షీబా రాసింది కొట్టేసింది. కొత్త పేజీలో రాస్తూ పైకి చదివింది. “బొమ్మలు, జగన్నాధం. అక్షరాలు, సత్యానందం. సైజు...” అని ఆగి, ఇద్దరినీ చూసింది.

“సైజు కూడా సత్యానందం అనే రాయి తల్లీ” అన్నాడు జగన్నాధం. “ఎనక బెంచీ పిల్లలకి కూడా అచ్చరాలు ఆనినాయంటే ఆడి దయే. నాను ఊరికే కోసినాను.”

షీబా అలాగే రాసింది. సత్యానందం కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ లైను రెండుసార్లు చదువుకున్నాడు. ఈశ్వరి చల్లారిన టీ పారబోసి, ఆయనకి వేడిది తెచ్చి పెట్టింది.

ఆ పాటికి జగన్నాధం తువ్వాలు మళ్లీ భుజం మారింది.

“అయినా మా వోడు మరిసిపోనాడంటే అలాగిలాగ మరిసిపోవడం కాదమ్మా! ఆ రోజు ఏటయ్యిందో తెలుసా? ఈడు టీ కొట్లో టీ తాగి, గ్లాసు ఇవ్వడం మరిసిపోయి, జేబులో ఏసుకుని వచ్చీసినాడు!”

“మావా, మళ్లీ మొదలెట్టీసినావా?” అన్నాడు దాలయ్య.

సత్యానందం కళ్లజోడు పెట్టుకుని, టీ ఒక గుక్క తాగి, షీబాతో నెమ్మదిగా అన్నాడు. “గ్లాసు కాదమ్మా. పొయ్యి.”

జగన్నాధం తన భుజం మీది తువ్వాలు తీసి సత్యానందం భుజం మీద వేశాడు.