ఖాళీ చేయని గదులు

మూతి ముడుచుకుని కూర్చుంటే పోయిన ఉద్యోగం వెనక్కొస్తుందా బావా? ముందా అట్టపెట్టె కింద పెట్టు. కప్పు, చార్జరు, పదేళ్ల సర్వీసు. అబ్బో, ఎంత బరువో!

ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులిచ్చే ప్రోగ్రాం రాసింది నేను. అది నడిచే కంప్యూటర్‌కి కాపలా నువ్వు. నిన్న హాలు నిండా జనం ఉండగా చచ్చింది ప్రోగ్రాం, వేటు పడింది కాపలావాడి మీద. ఆహా, ఏం న్యాయం!

అదెందుకు చచ్చిందో మేనేజరు మహానుభావుడికి చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చిందనుకో. "సార్, ఆపరేటింగ్ సిస్టమ్ అంటే లాడ్జి గుమాస్తా. వచ్చిన ప్రతి ప్రోగ్రాంనీ లాడ్జంతా నీదేనని నమ్మిస్తుంది. నిజానికి ఉన్నవి నాలుగు గదులు, అంటే కాస్త మెమరీ. పనయ్యాక ఖాళీ చెయ్యాలి. చెయ్యకపోతే కొందరి సామాను వరండాలోకి, అంటే డిస్కు మీదకి చేరుస్తుంది. అప్పుడంతా నత్తనడకే. అదీ చాలకపోతే ఎక్కువ గదులు పట్టుకున్నవాణ్ణి మెడపట్టి గెంటేస్తుంది" అన్నాను.

ఆయనేమన్నాడో తెలుసా? "అయితే గుమాస్తాని మార్చేద్దాం" అన్నాడు!

నవ్వొచ్చిందా? నవ్వు, నవ్వు. గదులు పట్టుకున్నవాడెవడని మాత్రం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

నువ్వు ప్రతి సోమవారం పొద్దున్నే వచ్చి, చడీచప్పుడు లేకుండా కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేవాడివి కదూ? "మా బావకొచ్చిన విద్య అదొక్కటే" అని క్యాంటీన్లో అందరి ముందూ ఆటపట్టించేదాన్ని. ఆపి వేస్తే గదులన్నీ ఖాళీ, పీడా పోయేది. ఈ మేనేజరొచ్చి, బాగా నడుస్తున్నదాన్ని ఆపడమేంటని మానిపించాడు. మూడు వారాలు నిలిచింది. పాపం, అదే ఎక్కువ.

అలా చూడకు బావా.

సరే, విను. రిపోర్టుకో గది చొప్పున తీసుకుని తిరిగివ్వనిది నా ప్రోగ్రామే. రెండేళ్ల కిందటే కనిపెట్టాను. ఒక్క లైను దిద్దితే పోయేది. నువ్వెలాగూ వారం వారం ఆపి వేస్తున్నావుగా, తొందరేముందిలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం కారణం రాసిమ్మన్నారు. "కంప్యూటర్ నిర్వహణలో లోపం" అని రాసి సంతకం పెట్టాను. తడబడ్డానా అంటావా? లేదు బావా. ఒక్క కొట్టివేత కూడా లేదు.

పద, ఇంటికి నేనూ వస్తాను. మా అక్కకి నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?