పసినోటికి లవంగ నూనె

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. గాజువాకలో ఒక అద్దె వాటా. పళ్ళు వస్తున్న పసివాడు మధ్యాహ్నం నుంచీ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. అత్తాకోడళ్ళ మాటలు గోడ అవతలికి వినపడుతున్నాయి.

“పిల్లోడ్నిలా ఇయ్యే. సిగుళ్ళకి రవ్వంత లవంగ నూనె రాత్తాను.”

“ఇవ్వను అత్తా.”

“ఏటి, ఇవ్వవా? మొన్న నీ పన్ను సలిపితే దూది మీద ఏసి పెట్టింది నానేగదా. నొప్పి తగ్గలేదేటి?”

“తగ్గింది. దాంతోపాటు బుగ్గ లోపలంతా పొక్కిపోనాది. పెద్దదాన్ని గనక ఉమ్మేసుకున్నాను. ఈడు మింగేత్తాడు.”

“సిన్నప్పుడు నీ మొగుడికి రాసింది కూడా నానేనే.”

“ఆయనొచ్చి అరిసినా ఇవ్వను. ఊరంతా వొచ్చినా ఇవ్వను. పసిపిల్లల నోట్లో పెట్టొద్దని డాక్టరమ్మ మరీమరీ సెప్పింది.”

“నా పిల్లలందరికీ రాసేను! డాక్టరమ్మ పెంచిందేటి ఆళ్ళని?”

“రాసిన పిల్లలందరూ ఉన్నారా అత్తా?”

అత్త నూనె సీసా గూట్లో పెట్టిన చప్పుడు వినపడింది.

“నడిపోడికి రాత్తంటే సీసా ఒలికి నోట్లోకి ఎల్లిపోనాది. ఫిట్సొచ్చి పోయేడు. దిష్టన్నారందరూ. నానూ అదే అనుకున్నాను.”

“తెలిసే అడిగేను అత్తా. తప్పయితే తిట్టు. పిల్లోడ్ని మాత్రం ఇవ్వను.”

“ఇవ్వకు. సల్లటి నీళ్ళల్లో గుడ్డ తడిపి ఇయ్యి, నముల్తాడు. నూనె ఎందుకు రాయలేదని నీ మొగుడు అరిత్తే నా దగ్గరికి పంపు. ఇక నా సేత్తో ఏ పసిబిడ్డకీ రాయనని ఆడికి నానే సెప్తాను.”