మీటరు మాట, ట్యాంకు మాట: బాలనర్సింహ గారి పందొమ్మిదేళ్ల సేవ

1968 జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, ఉస్మాన్‌గంజ్‌లోని మన మూసీ సహకార లారీ రవాణా సంఘం షెడ్డులో శ్రీ బాలనర్సింహ గారు మెకానిక్‌గా చేరారు. ఛత్రినాకలో తరతరాలుగా పాడి వ్యాపారం చేసుకుంటున్న కుటుంబంలో పుట్టి, బర్రెలను కాదని ఇనుమును నమ్ముకున్న తొలి మనిషి వారు. "బర్రె ఎప్పుడు తంతదో ముందుగాల తెలుస్తది, ఇంజనుది తెల్వదు బిడ్డా" అని తండ్రిగారు హెచ్చరించారట. ఆ హితవును చెవిన పెట్టని కుమారుడు, బేగంబజార్ సరుకును జిల్లాలకు మోసే మన లారీలకు ఇంతకాలం పెద్దదిక్కుగా నిలిచి, ఈ జూన్ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

1974లో హెడ్ మెకానిక్‌గా, 1979లో ఫోర్‌మన్‌గా వారు పదోన్నతి పొందారు. వారి ఆత్మవిశ్వాసాన్ని ఎంత కొనియాడినా తక్కువే. తరచుగా వారే కొనియాడుకునేవారు కనుక మాకు ఆ శ్రమ తప్పేది. "నా చెయ్యి వడ్డంక బండి తొవ్వల ఆగదు" అనేవారు. చిరాకు కలిగించే విషయమేమిటంటే, నిజంగానే ఆగేది కాదు. గేరుపెట్టె విప్పినప్పుడు ఎవరైనా సలహా ఇవ్వబోతే, చేతిలో పానా పెట్టి "రా, నువ్వే చెయ్యి" అని పక్కకు జరిగేవారు. సలహాలు అక్కడితో ఆగిపోయేవి.

అటువంటి మనిషి పొరబడ్డ రోజు ఒకటి ఉంది. వారి ఘనత తెలియాలంటే ఆ రోజు గురించే చెప్పాలి.

1983 వర్షాకాలంలో ఒక బొంబాయి వ్యాపారి మన కార్యాలయానికి కొత్తరకం మీటరు తెచ్చాడు. లారీలో డ్రైవరు ఎదుట బిగిస్తే, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదీ బండి నడుస్తుండగానే ముల్లు చూపిస్తుందన్నాడు. అది నమ్మదగినదైతే లారీలన్నింటికీ బిగించి, ముల్లు చెప్పినదాన్ని బట్టే డ్రైవర్ల పనితనం నిర్ణయించాలని యాజమాన్యం తలపోసింది. పరీక్ష బాధ్యత సహజంగానే బాలనర్సింహ గారిది. ట్యాంకు నిండా పోసి జనగామ దాకా నడిపించి, తిరిగి వచ్చాక మళ్లీ నిండా పోస్తే, ఎంత పట్టిందో అంతే ఖర్చయినట్టు. దానిని ముల్లు లెక్కతో సరిపోల్చాలి. నిదానస్తుడైన డ్రైవరు కావాలని సీమోను గారిని వారే ఎంచుకున్నారు.

శుభకార్యం కదా! మన షెడ్డు ఆచారం ప్రకారం లారీని తూర్పు ముఖంగా నిలిపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ట్యాంకు పొంగేదాకా డీజిలు పోశారు. సాయంత్రం లారీ గేటులోంచి వచ్చింది వచ్చినట్టే పడమర ముఖంగా పంపు పక్కన ఆగింది. మళ్లీ పోశారు. ముల్లు చెప్పినదానికన్నా ట్యాంకు చాలా ఎక్కువ తాగింది.

మీటరును తమ చేతులతో బిగించిన బాలనర్సింహ గారికి అది తప్పు చెబుతుందన్న ఊహే రాలేదు. మీటరు సరైనదైతే డీజిలు దారిలో ఎక్కడో దిగి ఉండాలి. మేనేజరు ఆ మాట పైకే అని, విచారణ ముగిసేదాకా తాళంచెవి అప్పగించమని సీమోను గారిని ఆదేశించారు. నేరం రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. దొంగ అన్న పేరు ఇంటిదాకా వెంట వస్తుంది.

"అన్నా, ఇన్నేండ్లసంది చూస్తున్నవ్. నేను డీజిల్ అమ్ముకునేటోన్నా?" అని బాలనర్సింహ గారిని అడిగారు సీమోను గారు.

"నేనంటలేను సీమోను. మీటర్ అంటున్నది."

సీమోను గారు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. ఆనాడు బాలనర్సింహ గారికి ఇంట్లో అన్నం సహించలేదని, ముద్ద కలిపి కలిపి చేయి కడుక్కున్నారని వారి సతీమణి శ్రీమతి శారదమ్మ గారు ఈమధ్యే మాకు చెప్పారు.

మర్నాడు జోరువాన వెలిసింది. పంపు చూసే దుర్గయ్య గారు చీపురుతో నీళ్లు తోస్తున్నారు. తోసిన నీళ్లన్నీ పడమటికే జారుతున్నాయి. బాలనర్సింహ గారు అక్కడే నిలబడిపోయారు. ఇన్నేళ్లుగా ఆ నేల మీద తిరుగుతూ, అది పడమటికి వాలి ఉందని ఒక్కనాడూ గమనించలేదు!

వెంటనే మేనేజరును, డ్రైవర్లను, ఇంటివద్ద ఉన్న సీమోను గారిని పిలిపించారు. లారీని తూర్పు ముఖంగా నిలిపి ట్యాంకు పొంగేదాకా పోయించారు. ఆ తరువాత అక్కడికక్కడే బండిని పడమటికి తిప్పించి మళ్లీ పోయమన్నారు. నిండిన ట్యాంకు గటగటా తాగసాగింది.

"గిదేంది? బండి ఊరు దాటనే లేదు, గింత డీజిల్ ఎట్ల వడ్తది?" అని మేనేజరు విస్తుపోయారు.

"తూర్పు మొకం వెడితె వెనకపక్కకున్న ట్యాంకు మూతి పల్లంల ఉంటది సార్. పై మూలకు గాలి చిక్కి, నిండకముందే పొంగుతది. పడమర తిప్పితె మూతి మెరకకొస్తది, అంచుదాంక నిండుతది. పొద్దుగాల తక్కువ వోసినం, మాపటికి ఎక్కువ వోసినం. తప్పు నాది. సీమోనుది గాదు."

అందరి ఎదుట ఆ మాట అని, బల్లమీది తాళంచెవిని తామే తెచ్చి సీమోను గారి చేతిలో పెట్టారు. ఆ క్షణాన మా ఫోర్‌మన్ గారిని చూసి మేము గర్వపడ్డాము.

తరువాత రెండుసార్లూ తూర్పు ముఖంగానే పోయించి పరీక్షను మళ్లీ జరిపారు. ఈసారి తేడా స్వల్పమే గాని, ముల్లుకు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చెప్పుకునే అలవాటున్నట్టు తేలింది. బిగించినవారి గుణమే వచ్చిందని షెడ్డులో నవ్వుకున్నాము, వారూ నవ్వారు. యాజమాన్యానికి మాత్రం ఖండితంగా చెప్పారు: "మీటర్ డ్రైవర్‌కు చెప్పాలె సార్, డ్రైవర్ మీద చెప్పొద్దు." మీటర్లు వచ్చాయి, వాటిని చూసి ఏ డ్రైవరునూ ఇంటికి పంపలేదు. నేటికీ మన పంపు దగ్గర ప్రతి లారీ రెండు పూటలా తూర్పు ముఖంగానే నిలుస్తుంది. ఆదివారం చర్చికి వెళ్లివచ్చే సీమోను గారు కూడా "మా దేవుడు ఏమనుకోడు తియ్యి" అంటూ బండిని తూర్పుకే తిప్పుతారు.

మన సంఘ పత్రిక ఈ సంచిక కోసం బాలనర్సింహ గారి గురించి నాలుగు మాటలు చెప్పమని సీమోను గారినే అడిగాము. లారీ అద్దం తుడుస్తూ అన్నారు: "ఆ దినం ఆయన ఊకుంటే ఎవ్వలకు తెలుస్తుండె? ఊకోలే."

ఇంతకు మించిన సన్మానపత్రం రాసే శక్తి మాకు లేదు. శ్రీ బాలనర్సింహ గారు శ్రీమతి శారదమ్మ గారితో కలిసి, పిల్లాపాపల నడుమ, నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలని ఆ సర్వేశ్వరుని ప్రార్థిస్తున్నాము. వీడ్కోలు సభ ముగిశాక ఆ దంపతులను ఛత్రినాకలోని ఇంటికి చేర్చేది నాటి పరీక్ష లారీయే, నడిపేది సీమోను గారే. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది.