కొక్కెం కింద మనిషి

ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ సలహాల గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బల్లకి అటువైపు నర్సు, ఇటువైపు ఆమె ఆడపడుచు.

"మళ్ళీ అడుగుతున్నా. తలనొప్పి వస్తుందా, రాదా?"

"తలనొప్పి రానివాళ్ళెవరు వదినా? నీ ప్రశ్నలు వింటుంటే నాకు ఇప్పుడే మొదలైంది."

"వేళాకోళాలు ఇంటి దగ్గర. ఈ గదిలో నేను నీ వదినని కాదు, నర్సుని. అందరినీ అడిగేవే నిన్నూ అడుగుతున్నా."

"నర్సువైతే మర్యాదగా 'మీరు' అను మరి."

"సరే తల్లీ. మీకు తలనొప్పి వస్తుందా అండీ, పిచ్చుక గారూ?"

"అప్పుడప్పుడూ. ఎండకి. క్రేన్ క్యాబిన్‌కి చుట్టూ అద్దాలే కదా, ఎండ మొహాన్నే కొడుతుంది. దానికే అయ్యుంటుంది. ఇంక ఆ మాత్రలేవో ఇస్తే పోతా. రెండింటికి డ్యూటీ ఎక్కాలి."

"ఏ మాత్రలు?"

"అవే. వరసపెట్టి వేసుకుంటే నెలసరి కూడా రాదంటారే, అవి. అట్ట చివర ఉండే ఉత్తుత్తి మాత్రలు పారేసి కొత్త అట్ట మొదలెడితే సరిపోతుందట."

"ఎవరు చెప్పారు నీకు?"

"పనిలో, ఎవరో."

"మీ పనిలో ఆడదానివి నువ్వొక్కదానివే."

"అబ్బ, ఎవరైతే ఏంటి వదినా! పైన ఎలా ఉంటుందో నీకు తెలీదు. మధ్యలో ఆ అవసరానికి దిగాలంటే ఆ నిచ్చెనంతా దిగాలి, మళ్ళీ ఎక్కాలి. అంతసేపూ కింద పని ఆగిపోతుంది, అందరూ మెడలెత్తి నావంకే చూస్తుంటారు. మొన్న మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? 'ఆడపిల్లకి క్రేన్ ఇచ్చాక దాని తాడు కన్నా నిచ్చెనే ఎక్కువ అరుగుతోంది' అన్నాడు. అందరూ నవ్వారు."

"నువ్వేమన్నావు?"

"నేనూ నవ్వా. ఏం చెయ్యను? ఆ సీటు కోసం ఎన్నాళ్ళు కాళ్ళరిగేలా తిరిగానో నీకు తెలుసు. నెలసరికే ఇలా అంటే, కడుపొచ్చిందంటే మర్నాడే ఇంకోణ్ణి ఎక్కిస్తారు. నాకు రెండూ వద్దు వదినా. అంతే."

"అర్థమైంది. ఇంకొక్క ప్రశ్న. తలనొప్పి వచ్చే ముందు కళ్ళ ముందు..."

"లేదు."

"ఇంకా అడగందే!"

"ఏం అడుగుతావో తెలుసు. లేదు."

"పొగ తాగుతావా అంటే, 'మా ఆయన తాగేటప్పుడు పక్కన కూర్చుంటే లెక్కలోకొస్తుందా' అని అడిగావు. కాళ్ళ వాపులన్నా అంతే, ఆలోచించి చెప్పావు. ఇది మాత్రం అడక్కముందే లేదా?"

"లేనిది లేదంటే కూడా తప్పేనా?"

"కళ్ళ ముందు వెలుగులు. మెరుస్తూ, రంపం పళ్ళలా వంకరటింకరగా. లేకపోతే చూసేదాంట్లో కొంత ముక్క చెరిగిపోయినట్టు. ఎప్పుడైనా వచ్చాయా?"

"టైమెంతయింది?"

"మాట దాటెయ్యకు. మొన్న మా పాపకి కథల పుస్తకం చదువుతూ సగంలో ఎందుకు ఆపేశావు?"

"నిద్రొచ్చింది."

"నిద్రొస్తే ఒక కన్ను మూసి పేజీ చూసి, మళ్ళీ రెండో కన్ను మూసి చూస్తారా? ఆ తర్వాత స్నానాల గదిలోకి పోయి, కుళాయి విప్పి, మాకు వినపడకుండా వాంతి చేసుకుంటారా?"

"పాప చెప్పిందా?"

"నేనే విన్నా. గోడ అవతల ఉన్నా. నువ్వే చెప్తావేమోనని ఊరుకున్నా."

"వదినా, నా కొంప ముంచకు. నీ దగ్గరికి కాబట్టి వచ్చా. ఇంకో ఆసుపత్రికి పోయి లేదని చెప్తే ఇవ్వరా?"

"ఇస్తారు. నీ మాట నమ్మి ఇస్తారు. అదే నా భయం. కాస్త కుదురుగా కూర్చుని విను. నువ్వడిగే మాత్రలో ఈస్ట్రోజన్ అని ఒక హార్మోను ఉంటుంది. చాలామందికి ఏమీ కాదు. కానీ ఆ వెలుగులు కనపడేవాళ్ళు అది వేసుకుంటే మెదడుకి పోయే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందరికీ అవుతుందని అనడం లేదు. అయినవాళ్ళకి మాత్రం మాట పడిపోతుంది, చెయ్యి పడిపోతుంది. మనిషే పోవచ్చు."

"ఒకవేళ..."

"ఊఁ?"

"ఒకవేళ అంటున్నా. ఎవరైనా ఇప్పటికే వేసుకుంటూ ఉంటే?"

"ఎవరు?"

"ఎవరో."

"పిచ్చుకా!"

"అరవకు వదినా, బయట జనం ఉన్నారు."

"ఎక్కడివి? ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లోవే. బిస్కెట్ల డబ్బాలోవి. నువ్వు మానేశాక మిగిలిపోయినవి."

"నా మాత్రలా?"

"మనింట్లో మాత్రల మీద పేర్లెక్కడున్నాయి? అమ్మ కీళ్ళ మాత్ర నువ్వు నడుంనొప్పికి మింగవూ? అన్నయ్య గ్యాసు బిళ్ళలు ఇంటిల్లిపాదీ చప్పరించరూ? నువ్వు వేసుకున్నప్పుడు నీకేం కాలేదు. నర్సు వేసుకున్న మాత్ర కదా, మంచిదే అయ్యుంటుందనుకున్నా. అవి అయిపోయాయి కాబట్టి ఇవాళ ఇలా వచ్చా."

"ఎప్పట్నించి?"

"వేసవి మొదట్నించి."

"వెలుగులు?"

"చిన్నప్పుడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవి. ఇప్పుడు..."

"ఇప్పుడు?"

"వారం వారం. ఒక్కోసారి వారానికి రెండు. ఎండనుకున్నా వదినా. ఒట్టు. నిజంగా ఎండే అనుకున్నా."

"చెయ్యి ఎప్పుడైనా తిమ్మిరెక్కిందా? మాట తడబడిందా?"

"లేదు. అది మాత్రం నిజంగా లేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"లేదు వదినా. నువ్వే ఇలా కంగారు పడితే నాకు భయమేస్తోంది."

"వెయ్యనీ. కాస్త భయం ఉండాలి నీకు. ఇవాళ్టి నుంచి ఆ మాత్ర ముట్టుకోకు. ఇంటికి పోగానే ఆ డబ్బా నేను చూసుకుంటా."

"మరి నాకేది దిక్కు?"

"ఈస్ట్రోజన్ లేనివి చాలా ఉన్నాయి. ఒకటి, అది లేని మాత్రే. కానీ రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, ఆలస్యం చేస్తే పని చెయ్యదు."

"నా డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. అన్నం తినే వేళే కుదిరి చావదు."

"కాపర్-టీ ఉంది. హార్మోనే ఉండదు."

"అది పెట్టించుకుంటే నెలసరి ఎక్కువవుతుందంటారు?"

"కొందరికి అవుతుంది."

"అయితే నేను నిచ్చెన మీదే కాపురం పెట్టాలి. వద్దు."

"జబ్బలో చర్మం కింద అగ్గిపుల్లంత గొట్టం పెడతారు. మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు. కాకపోతే మొదట్లో నెలసరి ఎప్పుడు కనపడుతుందో, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం."

"పైన ఉన్నప్పుడే కనపడుతుంది, నా సంగతి నాకు తెలుసు. ఇంకా?"

"గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్. నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది. కానీ అది పెట్టే డాక్టరమ్మ మన దగ్గరికి వారానికొకసారే వస్తారు. లేదా మూడు నెలలకోసారి ఇంజక్షన్. మొదట్లో కాస్త అటూ ఇటూ అవుతుంది, రెండు మూడు వేయించుకునేసరికి చాలామందికి నెలసరి ఆగిపోతుంది. ఒళ్ళు కాస్త రావచ్చు. మానేశాక కడుపు రావడానికి కొన్ని నెలలు పట్టచ్చు."

"ఒళ్ళొస్తే రానీ, గాలికి ఎగిరిపోతానని అమ్మకుండే బెంగ తీరుతుంది. అదే వెయ్యి. ఇవాళే వేస్తావా?"

"ఇక్కడున్న డాక్టరమ్మ బీపీ చూసి సరేనంటే వేస్తా. ఆవిడకి వెలుగుల సంగతి చెప్పాలి."

"చెప్పకూడదు!"

"డాక్టరమ్మకి చెప్పకుండా ఎలా?"

"ఆవిడ రాస్తుంది. రాసింది పోయి పోయి మా ఇంజనీరు చేతిలో పడుతుంది. కళ్ళకి ఏదైనా తేడా ఉందంటే క్రేన్ ఇవ్వరు వదినా. ఆ రోజే దించేస్తారు."

"ఇక్కడ చెప్పిన మాట గడప దాటదు. అది నేనిచ్చే మాట, ఆవిడిచ్చే మాట. నీ మొగుడొచ్చి అడిగినా చెప్పం."

"మీ ఆయన అడిగినా?"

"మా ఆయన అడిగినా. ఏం, ఎందుకలా అడిగావు?"

"ఊరికే."

"ఊరికే అడగవు నువ్వు. పిచ్చుకా, ఇటు చూడు. ఆ వెలుగులు ఎప్పుడైనా పైన ఉండగా వచ్చాయా? కొక్కేనికి బరువు వేలాడుతుండగా?"

"ఒక్కసారి."

"దేవుడా."

"ఒక్కసారే వదినా! ఏం కాలేదు. కాంక్రీటు బకెట్ మూడో అంతస్తు దాకా ఎత్తా. ఉన్నట్టుండి మూలన మెరవడం మొదలైంది. పెరిగి పెరిగి బకెట్టే కనపడకుండా పోయింది. ఎక్కడుందో తెలుసు, కానీ చూద్దామంటే అక్కడ ఏమీ లేదు. వాకీటాకీలో కింద ఉన్నవాడు 'దించు, దించు' అని అరుస్తున్నాడు. ఎక్కడికి దించాలో కనపడక అలాగే ఆపి పట్టుకున్నా."

"మరి ఎలా దించావు?"

"పక్కనే సామాను షెడ్డులో పనిలో ఉన్న అన్నయ్య ఆ అరుపు విన్నాడు. చిన్నప్పుడు నా అవస్థ చూసినవాడు కదా, కనిపెట్టేశాడు. పరిగెత్తుకొచ్చి వాకీటాకీ లాక్కున్నాడు. 'చూడకు, నేను చెప్పింది చెయ్యి' అన్నాడు. కుడికి, ఆపు. కాస్త కిందికి, ఆపు. అలా మాటతోనే దింపించాడు."

"అంటే మీ అన్నయ్యకి తెలుసా?"

"ఎవరికీ చెప్పొద్దని కాళ్ళా వేళ్ళా పడ్డా. నీకు కూడా."

"అది జరిగి ఎన్నాళ్ళయింది?"

"అన్నయ్య కొక్కెం కింద పనికి మారిన వారమే."

"ఆగు. ఆగాగు. షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని సామాను లెక్క చూసుకునే మనిషి, ఎండలో నీ కొక్కెం కింద నిలబడి సైగలు చేసే పనికి అందుకా మారింది? నాతో 'కూర్చుని కూర్చుని బొజ్జ పెరుగుతోంది' అన్నాడు. ఎవరితోనో గొడవపడితే అక్కడికి తోసేశారేమోనని నేను లోలోపల కుమిలిపోతున్నా."

"ఎవరూ తొయ్యలేదు. తనే అడిగాడు. 'నువ్వు ఎత్తినంతసేపూ కింద నేనే ఉంటా, భయపడకు' అన్నాడు. అప్పట్నించీ నా డ్యూటీలో ఇంకెవర్నీ అక్కడ నిలబడనివ్వడు. సెలవు కూడా పెట్టడు."

"జ్వరంతో కూడా పోయాడు మొన్న. నేను తిట్టి పోశా."

"నాకు చాలా ధైర్యంగా ఉంటుంది వదినా. అన్నయ్యకి నా చెయ్యంటే అంత నమ్మకం."

"నమ్మకమా?"

"కాదా మరి? నమ్మకం లేకపోతే ఎవరైనా అంత బరువు కింద నిలబడతారా?"

"నమ్మకమే ఉంటే షెడ్డులోనే కూర్చునేవాడే. అక్కడ ఇంకొకణ్ణి నిలబడనిచ్చేవాడు. ఎవరింటి మీదో పడకూడదని మన ఇంటిని తెచ్చి కింద పెట్టాడు. చెల్లెలు సీటు పోకూడదు, పరాయివాడి ప్రాణం పోకూడదు. మిగిలింది తనే. నన్నొక్క మాట అడగలేదు. నువ్వూ అడగలేదు."

"అలా అనకు వదినా. నేనలా అనుకోలేదు. నేను ఎప్పుడూ అలా..."

"ఏడవకు. నేనేడవడం లేదు చూడు."

"ఏడుస్తున్నావు."

"సరే, ఏడుస్తున్నా. ఇంజక్షన్ వేస్తే కడుపు రాదు. ఆ మాత్ర మానేస్తే వెలుగులు తగ్గచ్చు. తగ్గుతాయని రాసివ్వలేను. తలనొప్పుల డాక్టరు వేరే ఉన్నాడు, ఆయన దగ్గరికి నేనే తీసుకుపోతా. మందులున్నాయి. కుదిరితే మళ్ళీ ఎక్కుతావు. కానీ ఇవాళ?"

"ఇవాళ ఎక్కకపోతే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? ఒకసారి దిగానంటే ఆ సీటు నాది కాదు. నాకింకే పనీ రాదు వదినా. రాదని కాదు, ఇంకే పనీ వద్దు నాకు. ఆ పైన కూర్చుంటే నన్నెవరూ కసరలేరు. అంత ఎత్తులో నా మాటే మాట."

"తెలుసు."

"నువ్వు ఫోన్ చేసి చెప్పేస్తావా? మా ఇంజనీరుకి?"

"మాటిచ్చా కదా. చెప్పను. మా ఆయన కింద ఉన్నాడని తెలిసి కూడా చెప్పను. ఇందాకట్నించీ పళ్ళ బిగువున కూర్చున్నా. రెండింటికి ఆ నిచ్చెన ఎక్కేదీ నువ్వే, మానేదీ నువ్వే."

"అంత మాటన్నాక ఎలా ఎక్కుతాను?"

"అది నీ ఇష్టం. నేను డాక్టరమ్మని పిలుచుకొస్తా."

"వదినా, ఆగు. నువ్విక్కడే ఉండు. ఉంటే చెప్పగలను."

"ఎవరికి ఫోను? ఇంజనీరుకా?"

"ఆయనకి తర్వాత. ముందు... హలో? హలో, అన్నయ్యా? నేనే. ఆసుపత్రిలోనే ఉన్నా. వదిన పక్కనే ఉంది. లేదు, నాకేం కాలేదు. నువ్వు మాట్లాడకు, విను. అంతా చెప్పేశా. ఊఁ, వెలుగుల సంగతి కూడా. నువ్వు పోయి ఆ షెడ్డులో ఫ్యాను కింద కూర్చో. ఇవాళ ఆ కొక్కెం కింద ఎవరు నిలబడినా ఫర్లేదు అన్నయ్యా. పైన నేనుండను."